విపత్తు తర్వాత బడులను సిద్ధం చేసే పనికి వెళ్ళే ఉపాధ్యాయులకు: తరచుగా అడిగే ప్రశ్నలు

నగరాన్ని వరద ముంచినా, భూకంపం కుదిపినా, వారం తిరగకముందే ఫోన్లు మొదలవుతాయి. చేసేవాళ్ళలో ఎక్కువమంది ఉపాధ్యాయులే. బడి మూతబడిందన్న వార్త వాళ్ళను ఇంట్లో కూర్చోనివ్వదు. అడిగే ప్రశ్నలు మాత్రం ఇంచుమించు అవే. ఇలాంటి పనికి కొన్నిసార్లు వెళ్ళి, చేయకూడని పొరపాట్లు సరిపడా చేసి వచ్చాను కాబట్టి, విడివిడిగా చెబుతూ వచ్చినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అక్కడికి వెళ్ళి మేము పాఠాలు చెప్పాలా?

చాలావరకు అక్కర్లేదు. మొదటి నిరాశ ఇక్కడే ఎదురవుతుంది. ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి చేతికి చీపురు ఇస్తే ముఖం చిన్నబోవడం సహజమే. కానీ ఆ బడికి ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళు కూలి ఉండవచ్చు, బంధువుల ఇంట్లోనో శిబిరంలోనో తలదాచుకుంటూ ఉండవచ్చు, అయినా ఉన్నారు. వాళ్ళు వచ్చే రోజుకు గది ఆరి, కూర్చోవడానికి చోటు ఉండి, పిల్లల పేర్ల జాబితా బల్ల మీద ఉంటే చాలు. ఆ తర్వాత ఏం చేయాలో మనకన్నా వాళ్ళకే బాగా తెలుసు.

మీ పనిలో ఎక్కువ భాగం తుడవడం, లెక్కపెట్టడం, రాయడం. మరి దీనికి ఉపాధ్యాయులే ఎందుకు, ఎవరైనా చేయవచ్చు కదా అని అడుగుతారు. బురదలో దొరికిన కాగితాల కట్ట చూసి, ఇది పారేయవలసిన చిత్తు కాదు, మార్కుల పట్టిక అని గుర్తుపట్టేది ఉపాధ్యాయులే. తేడా అక్కడ ఉంది.

దీనికి మినహాయింపులూ ఉన్నాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఇండోనేషియాలోని బందా ఆచే నగరంలో బడులతో పాటు ఉపాధ్యాయులను కూడా పెద్ద సంఖ్యలో తీసుకుపోయింది. అలాంటిచోట పాఠం చెప్పే మనిషే కరువవుతాడు. అక్కడ కూడా మిమ్మల్ని తరగతిలోకి పంపాలా వద్దా అన్నది స్థానిక విద్యాశాఖ తేల్చాలి, మీరు కాదు.

ఎప్పుడు బయలుదేరాలి?

మీరు అనుకునేదానికంటే ఆలస్యంగా. మొదటి రోజులు ప్రాణాలు కాపాడేవాళ్ళవి. పైగా ఆ రోజుల్లో బడి బడిగా ఉండదు, ఆశ్రయ శిబిరంగా మారిపోతుంది. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబె నగరంలో భూకంపం వచ్చినప్పుడు ఇళ్ళు పోయినవాళ్ళు పాఠశాలల్లోకి చేరారు. శిబిరం నడిపే భారం కూడా ఆ ఉపాధ్యాయుల మీదే పడింది. అటువంటి సమయంలో మీరు వెళితే తిండికి, పడకకు మరో మనిషి పెరిగినట్టే.

బడి మళ్ళీ తెరిచే తేదీ ప్రకటించాక, దానికి రెండు మూడు వారాల ముందు వెళ్ళడం మంచిది. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న భూకంపం వస్తే బడులు మే 31న తెరిచారు. ఆ మధ్య ఉన్న ఐదు వారాలే ఇలాంటి పనికి అసలు సమయం. ఇంకో మాట: మూడో నెలలో వెళ్ళడానికి ఎవరూ ముందుకు రారు. టీవీ కెమెరాలు వెళ్ళిపోయి ఉంటాయి, పని మాత్రం సగమే అయి ఉంటుంది. మీకు ఒక్కసారే సెలవు దొరుకుతుందనుకుంటే అప్పుడు వెళ్ళండి.

పిలుపు లేకుండా నేరుగా వెళ్ళిపోవచ్చా?

వద్దు. అక్కడి విద్యాశాఖ, లేదా ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న సంస్థ మీ పేరు రాసుకుని, ఏ బడికి, ఎన్ని రోజులకు అన్నది చెప్పాకే బస్సెక్కండి. "వచ్చాక చూద్దాం లెండి" అని ఎవరైనా అంటే, దాన్ని పిలుపుగా లెక్కవేయకండి.

అక్కడ ఎవరి మాట వినాలి?

ఆ బడి ప్రధానోపాధ్యాయుల మాట. మీ బృందానికి ఒక నాయకుడు ఉండవచ్చు, మీకు జిల్లా స్థాయి అవార్డు ఉండవచ్చు. ఆ ఆవరణలో దేనికీ విలువ లేదు. అత్యవసర పరిస్థితుల్లో విద్య కోసం వివిధ దేశాల సంస్థలు కలిసి నడుపుతున్న ఐఎన్‌ఈఈ వేదిక 2004లో కనీస ప్రమాణాలు రూపొందించింది, 2010లో, మళ్ళీ 2024లో వాటిని సవరించింది. అందులో స్థానిక సమాజం భాగస్వామ్యాన్ని పునాది ప్రమాణాల్లో పెట్టారు. ఆ మాట చదివినప్పుడు లాంఛనంగా అనిపించింది. దాని అర్థం నాకు బెంచీల దగ్గర తెలిసింది.

ఒక వరద నగరంలో మా బృందం రెండు రోజులు కష్టపడి ఒక మూడో తరగతి గదిని సర్దింది. నేల కడిగి, బెంచీల కాళ్ళకు పట్టిన ఒండ్రు గీకి, వరుసలు దారం పట్టి కొలిచినట్టు పేర్చాం. మూడో రోజు ఆ తరగతి టీచరు వచ్చారు. గుమ్మంలో నిలబడి చూశారు, "చాలా శ్రమపడ్డారు" అన్నారు. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, ఒక బెంచీని ఒక్కరే ఎడమ గోడ పక్కకు లాక్కుంటూ వెళ్ళారు. సాయానికి వెళ్ళి, అక్కడికెందుకని అడిగాను. ఆ బెంచీలో కూర్చునే అమ్మాయికి ఎడమ చెవి వినబడదట. ఆ గోడ పక్కన కూర్చుంటే కుడి చెవి గది వైపు ఉంటుంది. మరో బెంచీ కిటికీ కిందనుంచి వెనక్కి పోయింది, ఇంకోటి తలుపు దగ్గరకు వచ్చింది. అరగంటలో మా వరుసలన్నీ చెదిరిపోయాయి, ఆ గది ఆమె తరగతి అయింది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా, సర్దడానికి ముందే ఆ గది ఉపాధ్యాయులను వెతికి అడుగుతున్నాం. వాళ్ళు రాలేని స్థితిలో ఉంటే ఫోనులో.

భవనంలోకి వెళ్ళడం సురక్షితమో కాదో మాకెలా తెలుస్తుంది?

మీకు తెలియదు. అది ఇంజనీరు చెప్పవలసిన విషయం. భూకంపం తర్వాత నిపుణులు భవనాలు పరిశీలించి గోడకు రంగు కాగితం అంటించే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. సాధారణంగా ఆకుపచ్చ అయితే వాడుకోవచ్చు, పసుపు అయితే పరిమితంగా, ఎరుపు అయితే లోపలికి అడుగు పెట్టకూడదు. నేపాల్‌లో బడి భవనాలకు ఇలాగే ఆకుపచ్చ, ఎరుపు స్టిక్కర్లు అంటించారు. ఏ కాగితమూ లేని భవనాన్ని ఎర్ర కాగితం ఉన్నట్టే చూడండి. "ఒక్క నిమిషం, ఆ బీరువాలో రికార్డులు తెచ్చేసి వస్తాను" అనే మనిషి ప్రతి బృందంలోనూ ఉంటాడు. అతన్ని ఆపండి. పెద్ద భూకంపం తర్వాత చిన్న ప్రకంపనలు వారాల తరబడి వస్తూనే ఉంటాయి. అప్పటికే పగుళ్ళిచ్చిన గోడ కూలడానికి అవి చాలు.

బడి భవనం విషయంలో ఇంత పట్టుదల ఎందుకో రెండు తేదీలు చెబుతాయి. 2005 అక్టోబరు 8న కశ్మీర్ భూకంపం శనివారం ఉదయం, పిల్లలు తరగతుల్లో ఉన్న సమయంలో వచ్చింది. కూలిన బడుల కింద వేలమంది పిల్లలు పోయారు. నేపాల్ భూకంపం కూడా శనివారమే వచ్చింది. కానీ అక్కడ వారాంతపు సెలవు శనివారం. వేల తరగతి గదులు కూలినా అవి ఖాళీగా ఉన్నాయి. అది కేవలం అదృష్టం. బడి తెరిచేవాళ్ళు అదృష్టం మీద లెక్క వేసుకోకూడదు.

వరద నీరు తీసేసిన గదిని ఎలా శుభ్రం చేయాలి?

ముందు కరెంటు. మెయిన్ ఆపి ఉందని ఎలక్ట్రీషియన్ చెప్పేదాకా స్విచ్ బోర్డు జోలికి, తడి నేల మీద ఉన్న తీగల జోలికి పోకండి.

తర్వాత బురద. తడిగా ఉండగానే పారతో తీయాలి. ఎండిపోతే పెచ్చులు కట్టి గీకడానికి రెట్టింపు శ్రమ, పైగా ధూళిగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వరద బురదలో మురుగు, ఎలుకల మూత్రం కలిసి ఉంటాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. కాలి మీద చిన్న గీత ఉన్నా చాలు. అందుకే మోకాలి దాకా రబ్బరు బూట్లు, మందపాటి చేతి తొడుగులు తప్పనిసరి. చెప్పులతో దిగేవాళ్ళను నేను వెనక్కి పంపేస్తాను, ఎంత పెద్దవాళ్ళయినా సరే.

అసలు శత్రువు బూజు. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. మీరు వెళ్ళేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకని గదిలోకి వెళ్ళగానే రెండు కుప్పలు వేయండి. ఇనుము, ప్లాస్టిక్, గట్టి చెక్క వంటివి కడిగి ఆరబెడితే పనికొస్తాయి. పరుపులు, చాపలు, అట్టలు, దూది బొమ్మలు, తడిసిన ప్లైవుడ్ లాంటివి నీటిని లోపలికి పీల్చుకుంటాయి. వాటిని పారేయవలసిందే. పారేసే ముందు ఆ బడివాళ్ళకు చూపించి, ఒక కాగితం మీద రాసుకోండి. నష్టపరిహారం అడగడానికి ఆ జాబితా కావాలి.

బూజు మీద నేరుగా సున్నం కొట్టడం అందరూ చేసే పొరపాటు. గోడ తెల్లగా కనబడుతుంది, నెల తిరిగేసరికి మచ్చలు మళ్ళీ పైకి వస్తాయి. గోడ లోపలిదాకా ఆరాలి. దానికి గాలి, సమయం తప్ప దగ్గరి దారి లేదు. బూజు గీకేటప్పుడు ఎన్95 మాస్కు కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండండి. బ్లీచింగ్ ద్రావణాన్ని అమ్మోనియా ఉన్న ద్రవాలతోగానీ, యాసిడ్‌తోగానీ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. పాత భవనాల్లో విరిగిన ఆస్‌బెస్టాస్ రేకులు కనిపిస్తే చేయి పెట్టకుండా అధికారులకు చెప్పండి.

రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. పారేయాలా?

ఒక్క కాగితం కూడా పారేయకండి. బల్లలు మళ్ళీ కొనవచ్చు. అడ్మిషన్ రిజిస్టరు ఎక్కడా దొరకదు. ఇంట్లో కాగితాలన్నీ కొట్టుకుపోయిన కుటుంబానికి, పిల్ల పుట్టిన తేదీకి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం అది కావచ్చు.

తడి రిజిస్టరును తెరవాలని చూడకండి, పేజీలు చిరిగిపోతాయి. మూసి ఉన్నది మూసినట్టే అట్ట మీద పెట్టి మోయండి. ఎర్రటి ఎండలో పరచకండి, కాగితం వంకర తిరుగుతుంది, సిరా వెలిసిపోతుంది. నీడలో, ఫ్యాను గాలిలో, పేజీల మధ్య అచ్చు లేని తెల్ల కాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మారుస్తూ ఆరబెట్టాలి. పుస్తకాలు మరీ ఎక్కువై చేతులు చాలకపోతే, సంచుల్లో చుట్టి ఫ్రీజరులో పెట్టించండి. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు, సిరా పాకదు. తీరిక దొరికినప్పుడు కొన్నికొన్ని తీసి ఆరబెట్టవచ్చు. గ్రంథాలయాలు, పాత రికార్డుల భద్రశాలలు వాడే పద్ధతే ఇది. చేపల వ్యాపారి ఫ్రీజరులో హాజరు పట్టీలు పెట్టమని అడిగితే మొదట నవ్వుతారు. తర్వాత చోటిస్తారు.

ఒకచోట అడ్మిషన్ రిజిస్టరులో మూడు పేజీలు పూర్తిగా వెలిసిపోయాయి. నీలం మచ్చ తప్ప అక్షరం లేదు. మనవరాలి పుట్టిన తేదీ కోసం ఒక తాతగారు రోజూ వచ్చి బయట అరుగు మీద కూర్చునేవారు. మా బృందంలో భౌతికశాస్త్రం చెప్పే ఒకాయన సాయంత్రం గది చీకటి చేసి, టార్చిని పేజీకి దాదాపు ఆనించి పక్కనుంచి వెలిగించాడు. బాల్ పెన్ను నొక్కి రాసిన గాడులు నీడలుగా తేలాయి. సిరా పోయింది గానీ రాసిన గుమస్తా చేతి ఒత్తిడి పోలేదు. ఒకరు చదువుతుంటే ఒకరు రాసుకున్నారు, తాతగారు పక్కన నిలబడి ఇంటి పేర్లు సరిచూశారు. ఆరాక ప్రతి పేజీని ఫోనుతో ఫొటో తీసి, ఒక ప్రతి బడికి, ఒక ప్రతి విద్యాశాఖకు ఇచ్చి, మా ఫోన్లలోంచి చెరిపేశాం. ఆ చెరపడం కూడా పనిలో భాగమే. అవి పిల్లల వివరాలు.

వెంట ఏం తీసుకెళ్ళాలి?

బూట్లు, తొడుగులు, మాస్కులు, టార్చి, మీ మందులు, నీళ్ళ సీసా, పెన్సిళ్ళు, చెరగని మార్కరు, గీతల పుస్తకాలు రెండు. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటి ఉంటే వెళ్ళేముందు మళ్ళీ వేయించుకోండి. శిథిలాల్లో మేకులకు కొదవ ఉండదు. బ్యానరు తీసుకెళ్ళకండి.

విరాళంగా పుస్తకాలు, సంచులు సేకరించి పంపమంటారా?

అడగనిదే పంపవద్దు. సగం రాసేసిన నోటు పుస్తకాలు, వేరే పాఠ్యప్రణాళికకు చెందిన పుస్తకాలు, ఎవరి కాలికీ సరిపోని బూట్లు లారీల్లో వచ్చి, కష్టపడి ఆరబెట్టిన గదిని ఆక్రమించడం నా కళ్ళారా చూశాను. వాటిని ఏరడానికి నలుగురు ఉపాధ్యాయులు నాలుగు రోజులు కూర్చున్నారు.

ఆలోచించి పంపిన సామాను ఎలా ఉంటుందో తెలియాలంటే యునిసెఫ్ పంపే బడి పెట్టెను చూడాలి. ఒక ఉపాధ్యాయునికి, 40 మంది పిల్లలకు కావలసినవి అందులో ఉంటాయి. పలకలు, పెన్సిళ్ళు, కత్తెరలు, లెక్కలకు ఘనాలు మాత్రమే కాదు, ఒక రంగు డబ్బా కూడా ఉంటుంది. ఆ రంగు పెట్టె మూతకు పూస్తే అదే నల్లబల్ల. గోడ లేనిచోట కూడా బడి పెట్టవలసి వస్తుందని ఎవరో ముందే ఊహించారు. మీరు డబ్బు సేకరిస్తే, ఏం కావాలో ప్రధానోపాధ్యాయులను అడిగి, వీలైతే ఆ నగరంలోనే కొనండి. అక్కడి దుకాణాలు కూడా తేరుకోవాలి కదా.

ఎంతమంది పిల్లలు తిరిగి వస్తారో ఎలా అంచనా వేయాలి?

పాత హాజరు పట్టీ పట్టుకుని శిబిరాలకు, వీధులకు నడవాలి. వేరే దారి లేదు. కొందరు ఊరు విడిచి వెళ్ళి ఉంటారు, కొత్త కుటుంబాలు ఈ పేటలోకి వచ్చి ఉంటాయి. పట్టీలో ప్రతి పేరు పక్కన ఒక మాట రాయండి: ఇక్కడే ఉన్నారు, ఫలానా చోటికి వెళ్ళారు, తెలియలేదు. చనిపోయిన పిల్లల గురించి తెలిస్తే పేరు కొట్టేయకండి. విడిగా రాసి ప్రధానోపాధ్యాయులకు మాత్రమే ఇవ్వండి. మొదటి రోజు హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు నోట రాకుండా చూసుకునే అవకాశం తరగతి ఉపాధ్యాయులకు ఉండాలి.

ఈ లెక్క మీదే మిగతా లెక్కలన్నీ ఆధారపడతాయి. మానవతా సాయానికి వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం బడిలో ఒక్కో విద్యార్థికి రోజుకు 3 లీటర్ల నీరు తాగడానికి, చేతులు కడుక్కోవడానికి కావాలి. మరుగుదొడ్లు 30 మంది ఆడపిల్లలకు ఒకటి, 60 మంది మగపిల్లలకు ఒకటి చొప్పున ఉండాలి. తలుపుకు లోపలి గడియ ఉందో లేదో మీరే స్వయంగా వేసి చూడండి. గడియ లేని మరుగుదొడ్డి ఉన్న బడికి పెద్ద తరగతుల ఆడపిల్లలు రావడం మానేస్తారు. కారణం మాత్రం ఎవరూ చెప్పరు.

గదులు సరిపోకపోతే?

పూటల వారీగా నడపవచ్చు. 2011 ఫిబ్రవరి 22 భూకంపం తర్వాత న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో కొన్ని ఉన్నత పాఠశాలలు ఇలాగే ఒకే ఆవరణను పంచుకున్నాయి. ఉదయం ఒక బడి, మధ్యాహ్నం ఇంకో బడి. వినడానికి తేలిక, నడపడానికి కష్టం. అతిథిగా వచ్చిన బడికి తనదంటూ ఒక బీరువా అయినా లేకపోతే రోజూ గొడవే. మీరు చేయగలిగిన సాయం: ఎవరి సామాను ఎక్కడ ఉండాలో గీతలు గీసి, పూట మారే అరగంటలో గదులు తుడిచే మనుషులను ఏర్పాటు చేయడం.

జరిగినదాని గురించి పిల్లలతో మాట్లాడించాలా?

మాట్లాడించవద్దు. వాళ్ళంతట వాళ్ళు మాట్లాడితే వినండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. "నీళ్ళు వచ్చినప్పుడు మీ ఇంట్లో ఏమైందో చెప్పు" అని అడిగే మంచి మనసువాళ్ళే పిల్లలకు ఎక్కువ హాని చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శకం చెప్పేది మూడు పనులే: చూడడం, వినడం, తగిన సాయానికి కలపడం. జరిగినదాన్ని బలవంతంగా చెప్పించకూడదని అందులో స్పష్టంగా ఉంది.

పిల్లల భయం మాటల్లోనే బయటపడాలని లేదు. లారీ వెళ్ళిన అదురుకు బల్ల కింద దూరడం, వాన మబ్బు కనబడగానే సంచి సర్దుకోవడం, పెద్ద పిల్లలు పక్క తడపడం, అల్లరి పిల్లవాడు ఉన్నట్టుండి బుద్ధిమంతుడైపోవడం చూస్తారు. చివరిదాన్ని చూసి మనం పొరపాటున సంతోషిస్తాం. ఇవి చాలామందిలో వారాల్లో తగ్గిపోతాయి. తగ్గకపోతే, పిల్ల తిండి, నిద్ర మానేస్తే, చనిపోవాలనే మాట మాట్లాడితే వెంటనే ప్రధానోపాధ్యాయుల ద్వారా వైద్యులకు చెప్పండి. మీరు సలహాలు ఇవ్వబోకండి. "అంతా సర్దుకుంటుంది" అని మాట ఇవ్వకండి, అది మీ చేతిలో లేదు. "రేపు కూడా బడి ఉంటుంది, పదింటికి గంట కొడతారు" అనవచ్చు. అది నిజమయ్యేలా చూడవచ్చు.

తెరిచిన మొదటి వారం పాఠాలు మొదలుపెట్టాలా?

సిలబస్ వెనకబడిందన్న కంగారు పెద్దవాళ్ళది. నేపాల్‌లో బడులు తెరిచిన కొత్తలో ఆటలు, పాటలు, బొమ్మలు గీయడంతో సరిపెట్టారు. అది సమయం వృథా కాదు, పిల్లలు గదిని మళ్ళీ నమ్మడానికి పట్టే సమయం. అయితే పదో తరగతి పిల్లల సంగతి వేరు. వాళ్ళకు పరీక్ష ఎప్పుడన్నదే బెంగ. పరీక్షల గురించి అధికారిక నిర్ణయం ఏమిటో కనుక్కుని ఆ కాగితం గోడకు అంటిస్తే, పది ధైర్యవచనాల పెట్టు.

అక్కడి ఉపాధ్యాయులతో ఎలా మెలగాలి?

వాళ్ళూ బాధితులే అన్న సంగతి మరిచిపోకుండా. ఉదయం రెండు గంటలు నీళ్ళ ట్యాంకరు దగ్గర నిలబడి, ఇంటి నష్టం రాయించడానికి కార్యాలయానికి వెళ్ళి, మధ్యాహ్నానికి బడికి వచ్చే మనిషిని "ఆలస్యమైందే" అని అడగకూడదు. మా బృందంలో ఒకరు అడిగారు. ఆ టీచరు జవాబు చెప్పలేదు. మర్నాడు నుంచి మాతో టీ తాగడం మానేశారు.

ఈ విషయంలో కోబె వాళ్ళు చేసిన పని నాకు నచ్చుతుంది. తమ బడులే శిబిరాలైనప్పుడు ఏం జరుగుతుందో అనుభవించిన హ్యోగో రాష్ట్ర (కోబె ఉన్నది ఇందులోనే) విద్యామండలి, 2000లో ఉపాధ్యాయులు, పాఠశాల సిబ్బందితో ఒక సహాయ బృందాన్ని తయారుచేసింది. వేరేచోట విపత్తు వస్తే ఆ బృందం అక్కడి బడులకు వెళుతుంది. 2011 తూర్పు జపాన్ భూకంపం తర్వాత కూడా వెళ్ళింది. అలాంటి సాయంలో అసలు బలం ఏమిటంటే, శిబిరంగా మారిన బడిని తిరిగి బడిగా ఎలా మార్చాలో, ఆశ్రయం పొందినవాళ్ళను నొప్పించకుండా తరగతి గదులు ఎలా ఖాళీ చేయించాలో చెప్పేవాళ్ళు ఆ పని ఒకసారి చేసినవాళ్ళు కావడం.

మీరు ఇవ్వగలిగిన అతి పెద్ద కానుక వాళ్ళకు ఒక పూట సెలవు. పిల్లలను మైదానంలో ఆడిస్తామని చెప్పి, వాళ్ళను ఇంటి పని చూసుకోమనండి.

ఉచితంగా పనిచేసే మా వల్ల వాళ్ళ ఉద్యోగాలకు ముప్పు రాదా?

రావచ్చు. ఈ ప్రశ్న అడిగినవాళ్ళంటే నాకు గౌరవం. 2005 ఆగస్టు 29న హరికేన్ కత్రినా తర్వాత అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో 80 శాతం నగరం నీట మునిగింది. బడుల పునరుద్ధరణ పేరుతో అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో 7 వేలకు పైగా ఉద్యోగులను తొలగించారు. వాళ్ళలో వేలమంది ఉపాధ్యాయులు, ఎక్కువమంది నల్లజాతివారు, ఏళ్ళ తరబడి ఆ పేటల్లోనే పాఠాలు చెప్పినవారు. తర్వాత తెరిచిన బడుల్లోకి బయటినుంచి వచ్చిన యువ ఉపాధ్యాయులు చాలామంది చేరారు. వాళ్ళలో అనేకులు మంచి ఉద్దేశంతోనే వచ్చి ఉంటారు. ఇల్లు పోయిన మనిషికి ఉద్యోగం కూడా పోయిందన్న సంగతి మాత్రం మారదు. కోర్టు కేసులు ఏళ్ళ తరబడి నడిచాయి.

కాబట్టి జీతం ఇచ్చే ఖాళీ ఉన్నచోట మీరు ఉచితంగా నిలబడకండి. "ఒక సంవత్సరం ఉండిపోండి" అని ఎవరైనా ప్రేమగా అడిగితే, ఆ స్థానంలో ముందు ఎవరు ఉండేవారో, వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో అడగండి.

పిల్లలతో ఫొటోలు దిగవచ్చా?

వద్దు. గోడలతో దిగండి.

పిల్లల భద్రత కోసం మేము పాటించవలసినవి ఏమిటి?

విపత్తు తర్వాత తల్లిదండ్రుల నుంచి విడిపోయిన పిల్లలు ఉంటారు, కొత్త మనుషులు స్వేచ్ఛగా తిరుగుతుంటారు. చెడ్డవాళ్ళకు అదే అదను. కాబట్టి మీ గుర్తింపు పత్రం, పోలీసు ధ్రువీకరణ అడిగితే నొచ్చుకోకండి. అడగకపోతే మీరే చూపించండి. ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. బహుమతులు, ఫోను నంబర్లు ఇవ్వకూడదు. పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి "మేనమామను" అంటే, తరగతి ఉపాధ్యాయులు గుర్తుపట్టేదాకా పంపకూడదు.

ఆ ప్రాంత భాష రాదు. ప్రయోజనం ఉంటుందా?

ఉంటుంది. బురదకు భాష లేదు. పిల్లలతో పని మాత్రం భాష వచ్చినవాళ్ళకే వదిలేయండి.

సెలవు, ఖర్చుల సంగతి?

మీ శాఖ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ప్రయాణం, తిండి, బస ఖర్చు మీదే అనుకుని బయలుదేరండి. వీలైతే ఆ నగరానికి కొంచెం అవతల బస చూసుకోండి, ఎందుకంటే లోపల మిగిలిన గదులు ఇళ్ళు పోయినవాళ్ళకు కావాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఏం చేయాలి?

వెళ్ళిన రోజు నుంచే దానికి సిద్ధపడాలి. చేసిన పని, మిగిలిన పని, పారేసిన సామాను, ఇంకా ఆరని గోడలు ఒక పుస్తకంలో రాసి, ప్రధానోపాధ్యాయులతో కూర్చుని పేజీ పేజీ చూపించండి. పిల్లలకు మీరు ఫలానా రోజున వెళ్ళిపోతారని మూడు రోజుల ముందే చెప్పండి. ఇప్పటికే చాలామంది చెప్పకుండా మాయమైపోయిన లోకం వాళ్ళది. సభ, శాలువా, ఉపన్యాసం ఏర్పాటు చేస్తామంటే వద్దనండి. ఆ ఖర్చు, ఆ పూట వాళ్ళకే మిగలనివ్వండి.

చివరగా, జేబులు వెతుక్కోండి. మేము ఒకసారి రికార్డుల బీరువా తాళం చెవి వెంట తెచ్చేశాం. రైలు దిగాక బయటపడింది. కొరియర్‌లో పంపేసరికి వాళ్ళు తాళం పగలగొట్టుకున్నారు.